తీగ ఆగిన చోట

వేదాచలం నాయుడు జేబురుమాలు విప్పాడు.
రెండు ముక్కలు. పైదవడ సెట్టు.
ముందుపళ్ళు చెరో ముక్కకీ చేరి
మాటల్లేని తోటికోడళ్ళలా అటొకటి ఇటొకటి.
"కడుగుతుంటే చెయ్యి జారిందమ్మా."
కోయంబేడులో నిమ్మకాయల వేలం పాడే గొంతు
ఇవాళ సగం గాలే.

చూళైలో సైకిల్ షాపు మీద మేడగది నాది.
డాక్టర్ని కాను,
డాక్టర్ల చీటీలకి ముప్పై ఏళ్ళుగా పళ్ళు కట్టేదాన్ని.
మనిషి చెప్పినది విని, విరిగిన అంచుని చూస్తాను.
సింకులో పడింది పెచ్చులుగా లేస్తుంది.
ఇది అలా కాదు.
పై పెదవి తీగకి చోటిచ్చిన గాటు దగ్గర
వెంట్రుకంత మొదలై,
రాత్రికింత, రాత్రికింత
అంగిలి మీదుగా వెనక్కి నడిచింది.
అంచులో సగందాకా టీ మరక.
నిన్న విరిగినదానికి అంత టీ ఎవరు పోశారు?

"రాత్రిళ్ళు తీసి నీళ్ళలో వెయ్యట్లేదు కదూ?"
ఆయన ఫ్యాను వంక చూశాడు.

ఇది మూడోసారి.
మొదటిసారి తనే ఫెవిక్విక్ పూసి తెచ్చాడు,
గీకడానికే ఓ పూట పట్టింది.
రెండోసారి నేను స్టీలు తీగ వేశాను, పగులుకి అడ్డంగా.
నా అతుకు చెక్కుచెదరలేదు, చూడండి.
తీగ ఎక్కడ ఆగిందో అక్కణ్ణించి విరిగింది.
గట్టిపడ్డ చోటు తన బరువు
పక్కనున్నదాని మీదికి తోస్తుంది.
ఇది నాకెవరూ నేర్పలేదు,
తిరిగొచ్చిన సెట్లు నేర్పాయి.

అందుకని ఈసారి గాజునార,
ఈ చివర దవడపన్ను నుంచి ఆ చివరిదాకా.
ముక్కలు కలిపి మైనం పెట్టి
కింద ప్లాస్టరు పోశాను.
అంచులు ఏటవాలుగా అరగదీసి, మూలలు గుండ్రం చేసి,
మందు తడిపి మూడు నిమిషాలు ఆగాను.
ఆ ఘాటుకి కిటికీ తెరవాల్సిందే.
నార పొడిగా ఉంటే లోపల గాలి దాక్కుంటుంది,
కనపడనంతగా నానాలి.

అప్పుడన్నాడు, నా వైపు చూడకుండా:
"ఆరు నెలలైందమ్మా పెళ్ళయి. నాకు అరవై నాలుగు.
బోసినోరు తనింకా చూళ్ళేదు.
నువ్వే కాస్త గట్టిగా చెయ్యి."
సాయంత్రం రమ్మన్నాను.

పొడి కలుపుతుంటే మెట్ల మీద చెప్పుల చప్పుడు.
ఒకావిడ, కొంగు ముడి విప్పింది.
కింది సెట్టు, కుడివైపు ఫట్టున.
"కడుగుతుంటే జారిందమ్మా."
అంచు వెలుతుర్లో పెట్టి చూశాను.
ఇక్కడా టీ మరకే,
కాకపోతే కాస్త లేత రంగు, పాలెక్కువ.
"పేరు?"
"పద్మాసని. అరటిమండీలో లెక్కలు రాస్తా.
సాయంత్రానికి ఇస్తే చాలు,
ఆయన ఇంటికొచ్చేలోపు."
పుస్తకంలో పైగీత మీద ఆయన పేరుంది.
దాని మీద అరచెయ్యి ఆనించి రాశాను.
"రాత్రిళ్ళు తీసి పెడతారా?"
ఆవిడా అదే ఫ్యాను వంక చూసింది.

నా ప్రెజర్ పాటు అయిదు లీటర్ల పాత కుక్కరు.
విజిలు తీసి సైకిల్ ట్యూబు వాల్వు బిగించిచ్చాడు
కింది షాపు కుర్రాడు సెల్వం.
గోరువెచ్చని నీళ్ళలో
పైదీ కిందదీ పక్కపక్కన దించి మూత పెట్టాను.
ఇరవై నిమిషాలు.
ఈలోగా మూతలున్న డబ్బాలు రెండు కడిగి బోర్లించాను.
అవి చేతికిస్తూ ఎవరితో ఏం చెప్పాలో,
అసలు చెప్పాలో వద్దో.
ఆవిణ్ణి అయిదింటికి రమ్మన్నాను,
ఆయన్నీ అయిదింటికే రమ్మన్నట్టు గుర్తు.

పంపు మీద చెయ్యి ఆపి సెల్వం అడిగాడు,
"గాలి చాలా అక్కా?"
"ఇంకొంచెం కొట్టు."